బీఎడ్ కాలేజీలో ప్రగతి పరిశీలన, ప్రొబేషన్: డిటెన్షన్ దాకా రానివ్వకుండా ఏం చేయాలి

సెమిస్టర్ చివర హాల్ టికెట్లు వచ్చే వారంలో ఏ బీఎడ్ కాలేజీకి వెళ్లినా ఆఫీసు ముందు ఇవే మాటలు వినిపిస్తాయి. "నాకు హాజరు తగ్గిందని ఎవరూ చెప్పలేదు సార్." "రికార్డులు రేపు పెట్టేస్తాను మేడమ్." "కండోనేషన్ కట్టేస్తే అయిపోతుంది కదా?" (హాజరు కొరతను మన్నించడానికి కట్టే రుసుము అది.) అందులో కొంత సాకే. కానీ ఎవరూ చెప్పలేదన్న మాట చాలాసార్లు నిజం. రిజిస్టర్లో అంకెలు పడుతూనే ఉంటాయి, వాటిని మధ్యలో తీసి చూసేవాళ్లే ఉండరు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బీఎడ్ కాలేజీల్లో పనిచేసే ప్రిన్సిపాళ్లు, మెథడ్ (ఒక్కో సబ్జెక్టును బోధించే పద్ధతి) లెక్చరర్లు, ఇంటర్న్‌షిప్ ఇన్‌ఛార్జులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఛాత్రోపాధ్యాయులు, అంటే బీఎడ్ విద్యార్థులు చదివినా నష్టం లేదు, తమ కాలేజీని ఏం అడగాలో తెలుస్తుంది.

ముందుగా ఒక సంగతి. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) బీఎడ్ ప్రమాణాల్లో విద్యార్థిని ప్రొబేషన్‌లో పెట్టడం అనే ఏర్పాటు లేదు. హాజరు శాతం ఉంది, పరీక్షకు అర్హత ఉంది, కోర్సు పూర్తి చేయడానికి గడువు ఉంది. "జాగ్రత్త" అని చెప్పే దశ, "ఇక కుదరదు" అని చెప్పే దశ, ఈ రెండింటికీ మధ్య ఏమీ లేదు. ఆ ఖాళీని కాలేజీయే తన అకడమిక్ కమిటీ తీర్మానంతో నింపుకోవాలి. నేను ప్రొబేషన్ అంటున్నది దాన్నే: రాతపూర్వకంగా, తేదీలతో, ఒక మనిషిని తోడిచ్చి పెట్టే గమనింపు గడువు. అది మార్కుల మెమోలో కనపడదు, మార్కులు తగ్గించదు, జరిమానా కాదు. విశ్వవిద్యాలయ నిబంధనలను అది మార్చలేదు కూడా. హాజరు గీత దాటని విద్యార్థిని ప్రొబేషన్ పేరుతో పరీక్షకు పంపే అధికారం కాలేజీకి రాదు.

మొదటి అడుగు: గీతలు ఎక్కడున్నాయో కాగితం మీద పెట్టండి

2014 ఎన్‌సీటీఈ నిబంధనలతో బీఎడ్ రెండేళ్ల కోర్సయింది. అందులో మన పనికి కావలసినవి కొన్నే. పరీక్షలు, అడ్మిషన్ల రోజులు పోగా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు. తరగతి పనికి, ప్రాక్టికమ్‌కు 80 శాతం హాజరు. స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. చేరిన తేదీ నుంచి గరిష్ఠంగా 3 ఏళ్లలో కోర్సు ముగించాలి.

వీటిలో అందరూ మర్చిపోయేది ఆఖరిది. రెండేళ్ల కోర్సుకు మూడేళ్ల గడువంటే చేతిలో ఉన్నది ఒక్క అదనపు సంవత్సరం. హాజరు తగ్గి ఒకసారి డిటెయిన్ అయితే (పరీక్ష రాయనివ్వకుండా ఆపేస్తే), ఆ సెమిస్టర్ మళ్లీ నడిచేది మరుసటి ఏడాదే కాబట్టి, ఆ సంవత్సరం దాదాపు అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత ఒక కాన్పు, ఒక ఆపరేషన్, ఇంట్లో ఒక చావు వచ్చినా సర్దుకునే చోటు ఉండదు. ఈ కోర్సులో ముందే పట్టుకోవడం మిగతా డిగ్రీల కన్నా ఎక్కువ అవసరం అనేది ఇందుకే.

ఎన్‌సీటీఈ గీతల పక్కన మీ విశ్వవిద్యాలయం గీతలు రాయండి: ఇంటర్నల్స్‌కు ఎన్ని మార్కులు, కండోనేషన్ ఎంత శాతం వరకు, ఏ కారణాలకు, ఎన్ని బ్యాక్‌లాగ్‌లతో పై సెమిస్టర్‌కు వెళ్లవచ్చు. యూనివర్సిటీకీ యూనివర్సిటీకీ ఇవి మారతాయి, రెగ్యులేషన్ మారినప్పుడల్లా కూడా మారతాయి. పక్క కాలేజీ వాళ్లను అడిగి రాసుకోవద్దు. దాని కింద ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అడిగే హాజరు కూడా రాయండి. పరీక్షకు ఒక గీత, ఫీజుకు ఒక గీత ఉన్నాయని తెలియక "75 ఉంది కదా, చాలు" అనుకుని ధీమాగా ఉండే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇదంతా ఒకే పేజీలో ఉండాలి. మొదటి వారంలోనే చదివి వినిపించి, ఒక్కొక్కరి చేత సంతకం చేయించుకుని ఫైల్లో పెట్టండి.

రెండో అడుగు: ఎవరికి ఎవరు

ఏటా 100 మంది చేరే, అంటే రెండేళ్లకు కలిపి 200 మంది విద్యార్థులున్న కాలేజీకి ఎన్‌సీటీఈ ప్రమాణాల ప్రకారం 16 మంది అధ్యాపకులుండాలి. ప్రిన్సిపాల్‌ను పక్కన పెడితే ఒక్కొక్కరి వంతుకు పదమూడు, పద్నాలుగు మంది. ఆ గుంపును కనిపెట్టుకుని ఉండే అధ్యాపకులే మెంటార్. అంతమందిని రెండేళ్లూ పేరుపేరునా గుర్తుంచుకోవడం ఎవరికైనా సాధ్యమే. కాగితం మీద 16 మంది ఉండి కారిడార్లో ఏడుగురే కనపడే కాలేజీలు ఉన్నాయని మనకందరికీ తెలుసు. అక్కడ గుంపు ముప్పై దాకా పోతుంది. అప్పుడు అందరినీ ఒకేలా చూడటానికి ప్రయత్నించకండి, మొదటి నెల తర్వాత తేడా కనపడినవాళ్ల మీదే ఎక్కువ సమయం పెట్టండి.

మెంటార్‌ను వీలైనంతవరకు విద్యార్థి మెథడ్ సబ్జెక్టు నుంచే ఇవ్వండి. గణితం పాఠం తప్పుపోయిందో లేదో సాంఘిక శాస్త్రం లెక్చరర్ చెప్పలేరు. చెప్పినా అవతలివాళ్లు లెక్కచేయరు.

మొదటి పలకరింపులో మెంటార్ అడగాల్సినవి మూడు. రోజూ ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎంతసేపు పడుతుంది? ఇప్పుడు ఎక్కడైనా ఉద్యోగం చేస్తున్నారా? ఇంట్లో చూసుకోవాల్సినవాళ్లు ఎవరున్నారు? బీఎడ్‌లో చేరేవాళ్లలో చాలామంది పెళ్లయినవాళ్లు, చిన్నపిల్లల తల్లులు, ప్రైవేటు స్కూల్లో అప్పటికే పాఠాలు చెబుతున్నవాళ్లు. రెండో సెమిస్టర్లో హాజరు ఎందుకు పడిపోతుందో ఈ జవాబుల్లో ముందే తెలిసిపోతుంది.

మూడో అడుగు: హాజరును శాతంగా కాదు, మిగిలిన రోజులుగా చూడండి

నెలాఖరున శాతాలు నోటీసు బోర్డుకు అంటించడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. 60 శాతం అన్న అంకె విద్యార్థికి పెద్ద ప్రమాదంగా అనిపించదు, ఇంకా టైముందనే అనుకుంటుంది. ఆమెకు చెప్పాల్సింది ఇక ఎన్ని రోజులు మానవచ్చు అన్నది.

సెమిస్టర్‌కు 100 పనిదినాలు అనుకుందాం. పరీక్షకు 80 కావాలి. 30 రోజులు గడిచేసరికి ఒకామె 18 రోజులు వచ్చింది, అంటే 60 శాతం. మిగిలిన 70 రోజుల్లో ఆమె 62 రోజులు రావాలి. కష్టమే గానీ సాధ్యం. అదే 60 శాతంతో 50 రోజులు గడిస్తే? 30 రోజులు వచ్చింది, ఇంకా 50 కావాలి, మిగిలినవీ 50 రోజులే. ఆ క్షణం నుంచి ఒక్క జ్వరం వచ్చినా కథ ముగిసినట్టే. రెండుచోట్లా రిజిస్టర్లో శాతం ఒకటే, పరిస్థితి మాత్రం పూర్తిగా వేరు. అందుకే ప్రతి శనివారం మెంటార్ తన గుంపుకు రెండే అంకెలు రాయాలి: ఇంకా కావలసిన రోజులు, ఇంకా మిగిలిన రోజులు. రెండూ దగ్గరపడుతుంటే ఆ రోజే ఫోన్ చేయాలి.

ఇంటర్న్‌షిప్‌లో లెక్క ఇంకా బిగుతు. రెండో ఏడాది 16 వారాల్లో పండగలు, రెండో శనివారాలు పోగా 90 పనిదినాలు వచ్చాయనుకోండి. 90 శాతమంటే 81. నాలుగు నెలలకు మానగలిగేది 9 రోజులు. ఇంట్లో ఒక పెళ్లి, ఒక వైరల్ జ్వరం చాలు. ఈ మాట ఇంటర్న్‌షిప్ మొదలయ్యే ముందే చెప్పాలి.

ఇక నాన్ అటెండింగ్ సంగతి. కాలేజీకి రాకుండానే హాజరు పడే ఏర్పాటున్న చోట ఈ మార్గదర్శిలో ఏ అడుగూ పనిచేయదు. రాని మనిషి ప్రగతిని గమనించేదేముంటుంది? అలాంటి కాలేజీ అయితే ముందు సరిదిద్దాల్సింది రిజిస్టర్‌ని. రిజిస్టర్ నిజమైతేనే దాని మీద ఏదైనా కట్టగలం.

డీఎస్సీ నోటిఫికేషన్ల కాలంలో ఇంకో ఒత్తిడి తోడవుతుంది. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ వచ్చినప్పుడు కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి. కోర్సు ఇంకా పూర్తికానివాళ్లు కూడా "టెట్ అయినా కొట్టేద్దాం" అని అవనిగడ్డ, హైదరాబాద్ బాట పడతారు. తిట్టి ఆపలేం. డిటెయిన్ అయితే పట్టా ఏడాది వెనక్కి పోతుంది, పట్టా లేకపోతే టెట్ మార్కులు చేతిలో ఉన్నా డీఎస్సీకి పనికిరావు. ఈ లెక్క ముందు పెడితే చాలామంది తిరిగొస్తారు.

నాలుగో అడుగు: రికార్డులు రాసింది ఎవరో తెలుసుకోవడం

ఇంటర్నల్ పరీక్షల్లో మార్కులు తగ్గితే ఎలాగూ తెలుస్తుంది. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: రెండు పేపర్లలో వెనకబడితే పిలిచి మాట్లాడండి, జవాబుపత్రం తిరిగి ఇచ్చి ఎక్కడ పోయిందో చూపించండి. మార్కులను విద్యార్థికి తెలియజేయాలని, దాన్ని మెరుగుపడే అవకాశంగా వాడుకోనివ్వాలని ఎన్‌సీటీఈ ప్రమాణాలే చెబుతున్నాయి. ఇంటర్నల్ మార్కులను సీల్డ్ కవరులా దాచే అలవాటుకు నిబంధనల మద్దతు లేదు.

అసలు తలనొప్పి రికార్డులు. సీనియర్ల లెసన్ ప్లాన్ రికార్డు చేతులు మారుతూ వస్తుంది. డబ్బిచ్చి రాయించుకునేవాళ్లూ ఉన్నారు. చేతిరాత అందంగా ఉంటుంది, చార్టులు రంగురంగుల్లో ఉంటాయి, వైవాలో మాత్రం "ఈ పాఠం అభ్యసన ఫలితం ఏమిటమ్మా?" అంటే నేల చూపులు. దీన్ని పట్టుకోవడానికి పోలీసు పని అక్కర్లేదు. ప్లాన్‌ను ఆఖరున ఒక్కసారి కాకుండా పాఠానికి రెండు రోజుల ముందు చూడండి. చూసేటప్పుడు ఒకే ప్రశ్న: "నాలుగో నిమిషంలో పిల్లలు ఈ జవాబు చెప్పకపోతే ఏం చేస్తారు?" తను రాసుకున్నవాళ్లు ఏదో ఒకటి చెబుతారు, తప్పైనా సరే. పక్కవాళ్లది ఎత్తి రాసినవాళ్లకు ఆ ప్రశ్నే కొత్తగా ఉంటుంది.

ప్లాన్ మీద తేదీ వేసి సంతకం పెట్టండి. సంతకం లేని ప్లాన్‌తో పాఠం చెబితే అది లెక్కలోకి రాదని మొదటే చెప్పండి. ఈ ఒక్క నియమంతో ఆఖరి వారం రికార్డుల జాతర చాలావరకు తగ్గుతుంది.

ఐదో అడుగు: మైక్రో టీచింగ్‌ను కొలబద్దగా వాడండి

మైక్రో టీచింగ్‌ను చాలాచోట్ల తంతుగా ముగిస్తారు. ఒక్క బోధనా నైపుణ్యాన్ని కొద్దిమంది ముందు కొన్ని నిమిషాలు సాధన చేయడమే అది. ఎన్‌సీఈఆర్‌టీ పద్ధతిలో ఒక చక్రం 36 నిమిషాలు: 6 నిమిషాల బోధన, 6 నిమిషాల సూచనలు, 12 నిమిషాల్లో మళ్లీ ప్లాన్, 6 నిమిషాల పునర్బోధన, 6 నిమిషాల పునఃసూచనలు. టైము లేదని తగ్గించేది ఎప్పుడూ రెండో సగమే. ప్రగతి కనపడేది మాత్రం అక్కడే. మొదటి బోధన ఎలా ఉందన్నది కాదు, సూచన విన్నాక రెండోసారి ఏం మారిందో రాసుకోండి. మొదట తడబడి రెండోసారి మెరుగైన అమ్మాయి గురించి బెంగ అక్కర్లేదు. మొదట ధాటిగా చెప్పి, రెండోసారి కూడా అక్షరం మారకుండా అదే చెప్పినవాళ్లను గుర్తుపెట్టుకోండి. బడికెళ్లాక ఇబ్బంది పడేది ఎక్కువగా వాళ్లే.

ఆరో అడుగు: బడిలో పాఠం చూడటం

మొత్తం మార్కుల్లో నాలుగో వంతు బోధనాభ్యాసానికి ఇవ్వాలని ఎన్‌సీటీఈ అంటుంది. అంత బరువున్న భాగానికి మనం రాసే పరిశీలన ఎలా ఉంటుంది? "బాగుంది. స్వరం పెంచాలి. నల్లబల్ల పని మెరుగుపడాలి." పాఠం చూడకుండా కూడా రాయగల మూడు వాక్యాలు. ప్రొబేషన్ నిర్ణయం ఇలాంటి కాగితాల మీద నిలబడదు.

ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. ఆరో తరగతి, భిన్నాల సంకలనం. ఛాత్రోపాధ్యాయురాలు బోర్డు మీద 1/2 + 1/3 రాసి ఎంత అని అడిగింది. రెండో వరుసలో బాబు లేచి 2/5 అన్నాడు. "తప్పు, కూర్చో" అని పక్కమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి 5/6 అంది. "వెరీ గుడ్, అందరూ చప్పట్లు." తర్వాత కసాగు పద్ధతి చక్కగా చెప్పింది. అర్థమైందా అంటే అర్థమైంది టీచర్ అని తరగతంతా ఒకే గొంతుతో అంది. పాఠం టైముకు ముగిసింది, చార్టు బాగుంది, స్వరం చివరి బెంచీ దాకా వినపడింది.

దీని మీద పరిశీలకులు రాయాల్సింది ఇలా ఉండాలి: "2/5 అన్న జవాబుకు కారణం అడగలేదు. ఆ బాబు పైనవి పైన, కిందవి కింద కూడాడు. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడిగి ఉంటే తనే దిద్దుకునేవాడు. పీరియడ్ అంతటిలో ఏ తప్పు జవాబుకూ ‘ఎలా వచ్చింది?’ అని అడగలేదు. వచ్చే పాఠంలో కనీసం రెండుసార్లు అడగండి." ఇందులో జరిగింది ఉంది, లోపం ఉంది, వచ్చేసారి కొలవగలిగే పని ఉంది. వారం తర్వాత వెళ్లినప్పుడు ఆ రెండుసార్లు అడిగిందా లేదా అన్నది ఎవరైనా చెప్పగలరు.

ప్రతి పాఠంలోనూ అన్నీ చూడాలని కూర్చుంటే ఏదీ చూడలేరు. నా లెక్కలో ఐదు చాలు: విషయం తప్పుల్లేకుండా ఉందా, ప్లాన్‌కూ పాఠానికీ పొంతన ఉందా, ప్రశ్నలెలా ఉన్నాయి, బోర్డు మీద ఏం మిగిలింది, వెనక బెంచీలు పాఠంలో ఉన్నాయా. ఒక్కోదానికి 1 (అన్నిటికన్నా తక్కువ) నుంచి 4 వరకు స్థాయి ఇచ్చి, ఒక్కో స్థాయి అంటే ఏమిటో ముందే రాసి విద్యార్థుల చేతికివ్వండి. ఐదింటిలో మొదటిదాని మీద మాత్రం రాజీ వద్దు. స్వరం, బోర్డు పని, టైము సంవత్సరంలో సర్దుకుంటాయి. తప్పు నేర్పితే దాన్ని మోసేది పిల్లలు.

బడిలోని మెంటర్ టీచర్ చూసినంత మనం చూడలేం. రెండు వారాలకోసారి కాలేజీ నుంచి వెళ్లి ఒక పీరియడ్ చూసే లెక్చరర్ కన్నా రోజూ స్టాఫ్‌రూమ్‌లో కూర్చునే ఆ టీచర్‌కు అసలు సంగతి తెలుసు. అయితే "ఎలా చేస్తున్నారు?" అని అడిగితే మొహమాటంతో "బాగానే చేస్తున్నారండీ" అంటారు. ప్రశ్న మార్చండి: "మీరు సెలవు పెడితే మీ క్లాసు ఈమెకు ఒంటరిగా అప్పజెప్తారా?" జవాబు చెప్పేముందు ఆయన ఎంతసేపు ఆగారన్నదే సగం నివేదిక.

ఏడో అడుగు: ప్రొబేషన్ ఎప్పుడు

నెలకోసారి మెంటార్లంతా గంటసేపు కూర్చోండి. అందరి గురించీ కాదు, కింది వాటిలో ఏదైనా తగిలినవాళ్ల గురించే. ఈ హద్దులు నేను సూచించేవి, మీ కమిటీ మార్చుకోవచ్చు.

- నెలాఖరుకు హాజరు 85 శాతం కన్నా తగ్గితే పిలిచి మాట్లాడటం, 80 కన్నా తగ్గితే ప్రొబేషన్.
- రెండు వరుస గడువుల్లో రికార్డులు, అసైన్‌మెంట్లు రాకపోవడం.
- సూచన రాసి ఇచ్చాక కూడా వరుసగా రెండు పాఠాల్లో అదే అంశంలో 1వ స్థాయి.
- ఒకే పాఠంలో విషయపరంగా పెద్ద తప్పు నేర్పి, చెప్పినా ఒప్పుకోకపోవడం.

ఒక్క పాఠం చెడిందని ఎవరినీ ప్రొబేషన్‌లో పెట్టకండి. ఇన్‌స్పెక్షన్ రోజు టెన్షన్‌తో చేతులు వణికినవాళ్లు మర్నాడు అద్భుతంగా చెబుతారు.

పిల్లల మీద చేయి చేసుకోవడం, అవమానించే మాటలు, అసభ్య ప్రవర్తన ప్రొబేషన్ కిందికి రావు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక, మానసిక హింసను నిషేధించింది. అలాంటి ఫిర్యాదు వస్తే అదే రోజు తరగతి నుంచి తప్పించి, ప్రధానోపాధ్యాయులతో కలిసి విచారణ జరపాలి. "నాలుగు వారాలు గమనిద్దాం" అనడానికి వీల్లేదు, అక్కడున్నది వేరేవాళ్ల పిల్లలు.

ఎనిమిదో అడుగు: పిలవడం, ఉత్తరం, నాలుగు వారాలు

ముందు మాట్లాడాలి, తర్వాతే కాగితం. గదిలో ప్రిన్సిపాల్, మెథడ్ లెక్చరర్, మెంటార్ ఉంటే చాలు. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ వద్దు, పేర్ల జాబితా వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. వివాహితురాలైతే భర్తకో మామగారికో ఫోన్ చేసే అలవాటు కొన్ని కాలేజీల్లో ఉంది. ఆమె పెద్దమనిషి, డిగ్రీ చదివి వచ్చింది. ఆమె అనుమతి లేకుండా ఇంటికి చెప్పే హక్కు మనకు లేదు, పైగా కొన్ని ఇళ్లలో ఆ ఒక్క ఫోన్‌తో చదువే ఆగిపోతుంది.

మొదట కాగితాలు ముందు పెట్టి "మీరేమంటారు?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. సగం కేసుల్లో మనకు తెలియని కారణం ఇక్కడే బయటపడుతుంది: సాయంత్రం నాలుగున్నర బస్సు తప్పితే ఊరికి ఇంకో బస్సు లేదనో, ఉదయం పనిచేసే ప్రైవేటు స్కూలు వాళ్లు వదలడం లేదనో.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. నమూనా:

"గణిత మెథడ్, రెండో సంవత్సరం విద్యార్థిని శ్రీమతి ________ గారికి. ఈ నెల 4, 11 తేదీల్లో మీరు బోధించిన పాఠాల్లో ప్రశ్నలడిగే అంశంలో 1వ స్థాయి నమోదైంది. పరిశీలన పత్రాలు జతచేశాం. ఈ నెల 16 నుంచి నాలుగు వారాలు మిమ్మల్ని ప్రొబేషన్‌లో ఉంచుతున్నాం. ఈ గడువులో మీకు సహాయపడేది మీ మెథడ్ లెక్చరర్, ప్రతి బుధవారం మధ్యాహ్నం 3 గంటలకు కలవాలి. ఆఖరి వారంలో చూసే రెండు పాఠాల్లోనూ ఈ అంశంలో 3వ స్థాయి వస్తే ప్రొబేషన్ ముగుస్తుంది. ఈ నిర్ణయం మీద అభ్యంతరముంటే ఏడు రోజుల్లో అకడమిక్ కమిటీకి రాతపూర్వకంగా తెలపవచ్చు. ఈ ఉత్తరం మీ మార్కులను ప్రభావితం చేయదు."

గమనించండి, "మీ ప్రవర్తన మార్చుకోవాలి", "శ్రద్ధ పెంచాలి" వంటి మాటలు ఇందులో లేవు. శ్రద్ధ పెరిగిందో లేదో ఎవరూ కొలవలేరు.

నాలుగు వారాల్లో ఏం చేయిస్తాం? మొదటి వారం ఆమె పాఠాలు తగ్గించి, మంచి టీచర్ పీరియడ్లు రెండు చూడమనండి. చూసేటప్పుడు మిగతావేవీ రాయొద్దు, ఆ టీచర్ అడిగిన ప్రశ్నలు మాత్రమే వరసగా రాసుకురమ్మనండి. రెండో వారం సగం పీరియడ్ ఆమె, మిగతా సగం మెంటర్ టీచర్. మూడో వారం పూర్తి పాఠాలు, రోజూ సాయంత్రం పది నిమిషాలు మాట. నాలుగో వారం ఇద్దరు విడివిడిగా చూడాలి, అందులో ఒకరు పాత పరిశీలనలు చదవనివారై ఉండాలి. ఈ చివరి మాట ముఖ్యం. "ఈమె వీక్" అని ముద్ర పడ్డాక అదే లెక్చరర్ కంటికి మెరుగుదల కనపడటం కష్టం.

హాజరు కారణంగా ప్రొబేషన్ అయితే ప్లాన్ వేరుగా ఉంటుంది. బస్సు సమస్యైతే ఇంటర్న్‌షిప్ బడిని ఊరికి దగ్గరగా మార్చడానికి విద్యాశాఖ కార్యాలయాన్ని అడగవచ్చు. ఉద్యోగం సమస్యైతే ఏదో ఒకటి వదులుకోవాలని సూటిగా చెప్పాలి, రెండు పడవల ప్రయాణం ఇక్కడ సాగదు.

తొమ్మిదో అడుగు: గడువు ముగిశాక

మూడు దారులుంటాయి. లక్ష్యం చేరితే ముగిసిందని ఒక వాక్యం రాసి ఇవ్వండి. చాలా కాలేజీలు పెట్టేటప్పుడు ఉత్తరమిస్తాయి, తీసేటప్పుడు మౌనంగా ఉంటాయి. పిల్ల సెమిస్టర్ చివరిదాకా ఆ బరువు మోస్తూనే ఉంటుంది. కొంత మెరుగై పూర్తిగా చేరకపోతే ఒక్కసారి మాత్రం, రెండు నుంచి నాలుగు వారాలు పొడిగించండి. రెండోసారి పొడిగింపు అంటే నిర్ణయం తీసుకోలేకపోతున్నామనే అర్థం.

ఏ మార్పూ లేకపోతే నిజం చెప్పాలి. ఇంటర్న్‌షిప్ భాగాన్ని మళ్లీ చేయాల్సి రావచ్చని, దానికి విశ్వవిద్యాలయ నిబంధన ఏమంటుందో, మూడేళ్ల గడువులో ఇంకా ఎంత మిగిలిందో ఆమె ముందే లెక్కవేసి చూపించండి. కొందరికి ఈ వృత్తి పడదు. ఆ మాట మర్యాదగా చెప్పడం కూడా మన పనిలో భాగమే. జాలిపడి ఇంటర్నల్స్‌లో నిండుగా మార్కులు వేసి పంపేయడం సులువే, ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు ఆ తరగతి గదిలో కూర్చునే పిల్లలు మనకు కనపడరు కాబట్టి.

మినహాయింపులు ముందే ఆలోచించండి

2021 డిసెంబరులో యూజీసీ, డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు విషయంలో నియమాలు రూపొందించుకోవాలని విశ్వవిద్యాలయాలను కోరింది. మీ విశ్వవిద్యాలయం ఏం చేసిందో కనుక్కోండి. గర్భిణి అని తెలిసిన రోజే మెంటార్ ఆమెతో కూర్చుని ఇంటర్న్‌షిప్ ఏ నెలల్లో పడుతుందో చూడాలి. కాన్పు అయ్యాక కండోనేషన్ కోసం పరిగెత్తించడం అమానుషం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద తగిన సర్దుబాట్లు ఇవ్వడం మన బాధ్యత. చూపులేని విద్యార్థికి బోర్డు పని అంశంలో 1వ స్థాయి వేయడం మూల్యాంకనం కాదు. బదులుగా పిల్లలతో రాయించడం, ధ్వని, స్పర్శ ఉపకరణాలు వాడటం ఎలా చేశారో చూడాలి. పరిశీలన పత్రంలో ఆ మార్పు ఇంటర్న్‌షిప్ మొదలవకముందే రాసి పెట్టుకోండి.

ఆఖరిగా ఫైళ్ల సంగతి. ప్రొబేషన్ ఉత్తరాలు, పరిశీలన పత్రాలు, విద్యార్థి ఇచ్చిన వివరణలు ఒకే కవరులో, ప్రిన్సిపాల్ బీరువాలో ఉండాలి. మొదటి ఏడాది మెంటార్ బదిలీ అయినా, కాలేజీ మారినా రెండో ఏడాది మెంటార్‌కు ఆ కవరు అందాలి. వేసవి సెలవుల ముందు ఇద్దరూ ఒక అరగంట కూర్చుని ఒక్కో పేరు మీద మాట్లాడుకుంటే, జూన్‌లో బడులు తెరిచేసరికి ఎవరిని ఏ బడికి, ఏ మెంటర్ టీచర్ దగ్గరికి పంపాలో తేలిపోతుంది.